నూకాలమ్మ వాసన డబ్బా

మా దొడ్డ నూకాలమ్మ పసిబిడ్డకు నీళ్లు పోయడానికి కూర్చుంటే ఆ ఇంట్లో వాళ్లందరూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు. చెక్కపీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపి, రెండు కాళ్లూ బారచాపి, పాదాలు దగ్గరగా చేర్చి, చేతులు చాపేది. అంతవరకూ ఇల్లెగిరిపోయేలా ఏడ్చిన బిడ్డ కూడా ఆవిడ పిక్కల మీద పడుకోగానే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయేది. ఎందుకాగుతారని చిన్నప్పుడు చాలాసార్లు అడిగాను. "వెచ్చగుంటాదే. అంతకన్నా ఏటుంటాది," అనేది.

దొడ్డ పోయి ఏడాది కావస్తోంది. భిలాయిలోని కోహ్కాలో మా ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది నాకు తెలియదు. మీసాలొచ్చిన మగవాళ్లు, ప్లాంటులో క్రేను నడిపేవాడు, బ్యాంకులో పనిచేసే బెంగాలీ అమ్మాయి, కిరాణా కొట్టు మలయాళీ ఆయన. అందరూ ఒకటే మాట చెప్పారు, మాకు ఆవిడే నీళ్లు పోసిందని. క్రేను ఆయన తన ముక్కు పట్టుకుని చూపించి, ఇది పుట్టినప్పుడు చప్పిడిగా ఉండేదట, ఆవిడ రోజూ నొక్కి నిలబెట్టిందట అని హిందీలో చెప్పాడు. ఆయన ముక్కు నిజంగానే బాగుంది.

మావాళ్లది టెక్కలి దగ్గర పల్లె. పెదనాన్న గురునాథరావుకు భిలాయి ఉక్కు కర్మాగారంలో, బొగ్గును కాల్చి కోక్ చేసే బట్టీల దగ్గర పని దొరికితే, దొడ్డ ఆయన వెనకాల వచ్చింది. హిందీ ముక్క రాదు. మొదట పక్క క్వార్టర్లో తెలుగు బాలింత బిడ్డకు నీళ్లు పోసింది. ఆ ఇంటి ఎదురుగా ఉన్న బిహారీవాళ్లు చూసి పిలిచారు. వాళ్లను చూసి ఇంకొకరు. భాష అక్కర్లేని పని అది. సెక్టార్లన్నిటిలోనూ ఆవిడ పేరు నూకా మౌసీ అయిపోయింది. పెదనాన్న రిటైరు కాకముందే జబ్బుచేసి పోయాడు. తర్వాత మా అమ్మ సింహాచలమ్మ పోయింది. అమ్మకు అక్క కాబట్టి దొడ్డ నన్ను కోహ్కా తీసుకొచ్చి పెంచుకుంది. పొద్దున్నే వెళ్లి రెండు మూడు ఇళ్లలో పిల్లలకు నీళ్లు పోసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టేది.

ఆవిడ పనికొక కట్టుబాటు ఉండేది. పుట్టిన పదకొండో రోజున మొదలుపెడితే బిడ్డ మెడ నిలిపేదాకా పోయాలి. మధ్యలో చేయి మారకూడదు. మెడ నిలిపిన రోజు ఆఖరి స్నానం, ఆ ఇంటివాళ్లు చీర పెడతారు, అంతటితో సెలవు. జ్వరమొచ్చినా వెళ్లేది. పెదనాన్న దినాలు అయిన మర్నాడు కూడా ఒక బిడ్డ కోసం వెళ్లింది, ఆ బిడ్డ ఇంకా మెడ నిలపలేదని.

ఒక్కటే వెలితి ఉండేది ఆవిడకు. మా అమ్మమ్మ పల్లెలో తల్లికీ పోసింది, ఆ తల్లి కన్న బిడ్డకూ పోసింది, ఆ బిడ్డ బిడ్డకూ పోసింది. భిలాయిలో అలా కుదరలేదు. ఇక్కడ తండ్రులు రిటైరై విశాఖపట్నమో విజయనగరమో వెళ్లిపోతారు. పిల్లలు పూనా, హైదరాబాదు వెళ్లి అక్కడే పెళ్లిళ్లు చేసుకుని అక్కడే కంటారు. "నా సేతిలో పిల్లలందరూ రైలెక్కిపోతారే," అనేది దొడ్డ, తనకే రైలు తప్పిపోయినట్టు. తాను నీళ్లు పోసిన పిల్లకు పుట్టిన బిడ్డకు ఒక్కసారైనా పోయాలని ఆవిడ కోరిక.

అందుకే, రెండేళ్ల కిందట, సెక్టార్ ఆరు నుంచి కమలాకుమారిగారు ఫోన్ చేసి, మా నీలిమ పురిటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది, వస్తావా నూకాలమ్మా అంటే, దొడ్డ ఫోన్ నా చేతికిచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది. నీలిమ ఆవిడ కాళ్ల మీద మెడ నిలిపిన పిల్ల. అప్పటికి దొడ్డ మోకాళ్లు ఒప్పుకోక పని మానేసి చాలాకాలమైంది. ఇదొక్కటీ చేసి ఇంక పీట ఎత్తేస్తానంది.

ఇక్కడ దొడ్డ చుట్ట గురించి చెప్పాలి. మావైపు కష్టం చేసుకునే ఆడవాళ్లు చాలామంది అడ్డచుట్ట కాలుస్తారు, నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. గాలి వీచినా ఆరదు, నీళ్లలో పనిచేసినా తడవదు, బూడిద బట్టల మీద రాలదు. దొడ్డ బట్టలుతుకుతూ చుట్ట కాలుస్తుంటే, కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. మా ఇంటి వెనక కుళాయి దగ్గర ఒక రాయి ఉంది. అదే ఆవిడ చుట్ట కుర్చీ. పొద్దున ఆటో ఎక్కేముందు అక్కడొకటి, పవర్ హౌస్ కూడలిలో ఆటో మారేటప్పుడు ఇంకొకటి. బిడ్డను ముట్టుకునేముందు నోరు పుక్కిలించి, లవంగం నమిలి, చేతులు మోచేతుల దాకా కడిగేది. అంతకన్నా శుభ్రం ఏముంటుందని ఆవిడ నమ్మకం.

నీలిమ పాప కోసం వెళ్లడం మొదలుపెట్టిన మొదటివారంలోనే ఒకరోజు దొడ్డ సంచిలోంచి సన్నటి పొడుగాటి డబ్బా తీసి నా ముందు పెట్టింది. ఊదారంగు మూత, మీద పూల బొమ్మ.

"నీలిమ ఇచ్చింది. రోజూ కొట్టుకుని రా మామ్మా అంది. ఏటే అమ్మీ ఇది?"

చెమట వాసన రాకుండా ఒంటికి కొట్టుకునేదని చెప్పాను. దొడ్డ లేచి కాళ్లు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాను కంపు కొడతన్నానేటి?"

లేదన్నాను. అబద్ధం ఆడకు, ముక్కు పెట్టి చూడమంది. చూశాను. ఆముదం, తడిచీర, చుట్ట, వంటిల్లు, అన్నీ కలిసి దొడ్డ వాసనే వచ్చింది. నేను చిన్నప్పటినుంచీ పీలుస్తున్నది, అందులో బాగూ చెడ్డా నాకేం తెలుస్తాయి? నీ ముక్కు పనికిరాదని తీర్మానించి దొడ్డ గోడ దగ్గరికి వెళ్లి పక్కింటి ఇంద్రాణిని పిలిచింది. ఇంద్రాణి ఛత్తీస్‌గఢీ పిల్ల, దొడ్డంటే ప్రాణం. గోడమీంచి వంగి వాసన చూసి, "థోడా థోడా," అని నవ్వి లోపలికి పారిపోయింది. దేని వాసనో చెప్పలేదు. చెమటేనని దొడ్డ ఖాయం చేసుకుంది.

ఇంకొకరైతే ఆ డబ్బాను విసిరికొట్టేవాళ్లు. నాకే ఇస్తావా అని మొహం మాడ్చుకునేవాళ్లు. దొడ్డ నాచేత డబ్బా మీద రాసిందంతా చదివించుకుంది. బాగా ఊపాలి, జానెడు దూరంలో పట్టుకోవాలి, నిప్పుకు దగ్గరగా ఉంచరాదు. నిప్పు మాట వినగానే డబ్బాను చుట్టల అలమరలో పెట్టబోయినదల్లా అటువైపు కిటికీలో పెట్టింది. అయితే ఒంటి మీద కొట్టుకుంటే ఏం నిలుస్తుందని ఆవిడకు అనుమానం. మావాళ్లు బాలింత చీరల్ని సాంబ్రాణి పొగ మీద బుట్ట బోర్లించి దానిమీద పరుస్తారు. వాసనను గుడ్డ పట్టాలి, ఒళ్లు కాదు. అదే లెక్కన దొడ్డ తన ట్రంకుపెట్టె తెరిచి, మడతపెట్టిన చీరలన్నిటి మీదా డబ్బా కొట్టి, గబుక్కున మూత వేసి, ఉదయందాకా తీయకుండా ఉంచింది.

మర్నాడు పెట్టె తెరిస్తే వీధి చివర పాలవాడికి కూడా తెలిసింది. షేర్ ఆటోలో ఆడపిల్లలిద్దరు ముక్కులు మూసుకుని జరిగారట. ఆటోవాడు వెనక్కి తిరిగి, అమ్మా పెళ్లికెళ్తున్నావా అని అడిగాడట. దొడ్డకు అది మెచ్చుకోలుగానే వినిపించింది. ఆ సంతోషంలో పవర్ హౌస్‌లో దిగి ఎప్పటిలాగే ఒక చుట్ట కాల్చి, నోరు కడుక్కుని, సెక్టార్ ఆరుకు వెళ్లింది.

గుమ్మంలో అడుగుపెట్టగానే కమలాకుమారిగారు నవ్వు ఆపుకోలేకపోయారు. పెళ్లిపందిట్లో ఎవరో చుట్ట కాల్చినట్టుంది నూకాలమ్మా అన్నారు. దొడ్డ కూడా నవ్వింది. నీలిమ మాత్రం పాపను పొదువుకుని అక్కడే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు.

"మామ్మా, పసీనా కాదు, చెమట వాసన కాదు. చుట్ట," అంది.

దొడ్డ నమ్మలేదు. అదే ఆవిడ పొరపాటు, మావైపు ఆడవాళ్లందరి పొరపాటూను. నిప్పు లోపల ఉంటే పొగ కూడా లోపలే ఉంటుందని అనుకుంటారు. "నిప్పు నోట్లో ఉంటాదమ్మా. బయటికి రాదు గదా," అంది.

వస్తుందని నీలిమ చెప్పింది. జుట్టుకు పడుతుంది, చీరకు పడుతుంది, పసిపిల్లల ఊపిరికి మంచిది కాదన్నాడు డాక్టరు. ఆ ఇంటి అల్లుడు రాజేంద్ర ఫోన్‌లో రోజూ అదే గొడవ, ఆస్పత్రి నుంచి ఆయాను పెట్టుకోమని. తానే ఏదో ఒకటి చెప్పి ఆపుతోంది. నోటితో చెప్పలేక డబ్బా కొనిచ్చింది.

"నాకు నీళ్లు పోసినదానివి. నీకు మానెయ్ అని ఎలా బోలూఁ, మామ్మా?"

దొడ్డ పాపవైపు చూసింది. "సాంబ్రాణి పొగ వద్దన్నావు, మానేసినాను. సుట్ట వద్దనడానికి నోరు రాలేదేటి? బిడ్డ తల్లివి. ఈ గుమ్మం లోపల నాను నీకన్నా పెద్దదాన్ని కాను," అంది.

ఆ రోజు పాపను ముట్టుకోలేదు. గిన్నె, పీట, తువ్వాలు ఎక్కడివక్కడ సర్దేసి వచ్చేసింది. ఇదంతా ఇంటికొచ్చి తానే చెప్పింది, కమలాకుమారిగారి నవ్వు కూడా అభినయించి. తర్వాత చుట్టల కట్ట నాకు చూపించి, దీన్ని దాచొద్దు, పారేయొద్దు, అలమరలోనే ఉంచమంది. "కనబడకపోతే ఎతుకుతాను. కనబడితే పర్వాలేదు."

పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అలవాటైన చుట్ట. మానడం ఎలా ఉంటుందో దగ్గరుండి చూసినదాన్ని నేను. దొడ్డ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. నామీద అరిచి, అరిచినందుకు బెల్లంముక్క పెట్టింది. లవంగాలు, సొంఠి, కరక్కాయ అన్నీ బుగ్గన పెట్టి చూసింది. చుట్ట వేళకు కాళ్లు వాటంతటవే పెరట్లో రాయి దగ్గరికి నడిచేవి. అక్కడ ఏం చేయాలో తోచేది కాదు. అలా ఒకరోజు కిటికీలోంచి డబ్బా తీసుకెళ్లి, మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. అది గోడమీంచి ఇంద్రాణి చూసింది.

"అమ్మా, యే నయీ బీడీ హై క్యా?"

"హాఁ. ఇది నిప్పు లేని బీడీ," అంది దొడ్డ కళ్లు తెరవకుండానే.

అప్పటినుంచి అదే అలవాటైంది. నీళ్లు పోయడానికి వెళ్లేముందు మాత్రం డబ్బా ముట్టేది కాదు. తలస్నానం చేసి, ఉతుకు సబ్బు వాసన తప్ప ఇంకేదీ లేని చీర కట్టుకుని వెళ్లేది. తిరిగి వచ్చేటప్పుడు పవర్ హౌస్‌లో, ఇదివరకు చుట్ట కాల్చే పాన్ కొట్టు వెనకాలే నిలబడి ఒక్కసారి కొట్టుకునేది. ఏదైనా చేతికొస్తే దాన్ని పూర్తిగా తెలుసుకునేదాకా వదలదు దొడ్డ. నల్ల జాకెట్టు మీద తెల్లమరక పడుతుందని కనిపెట్టింది. నైలాను చీర పట్టదు, నూలుచీర పడుతుందని చెప్పింది. చెమట పట్టాక కొడితే ఉపయోగం లేదు, ఒళ్లు ఆరాక కొట్టాలి. భిలాయి మే నెల ఎండలో అది ఎంతసేపు నిలుస్తుందో నీలిమకు సంజాయిషీలా చెప్పేది, "పవర్ హౌస్‌లో బానే ఉంటాది. ఓవర్‌బ్రిడ్జి దిగేసరికి ఎలిపోతాది," అని. నీలిమ పడీపడీ నవ్వేదట. పాప ఇద్దరి మొహాలూ చూసేదట.

ఇంతలో టెక్కలి నుంచి దొడ్డ తమ్ముడు తిరుమలరావు మావయ్య వచ్చాడు. ఎప్పటిలాగే అక్కకు కొత్త చుట్టల కట్ట తెచ్చాడు. మానేసిందని తెలియదు పాపం. సాయంత్రం ఇద్దరూ పెరట్లో కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకున్నారు, పోయినవాళ్లు, ఉన్నవాళ్లు, అమ్మిన పొలాలు. నేను టీ తీసుకుని వెళ్లేసరికి దొడ్డ బుగ్గ లోపల ఎర్రగా వెలుగుతోంది. నన్ను చూసి తల తిప్పుకోలేదు. పూర్తిగా కాల్చి, కొస పారేసి, టీ తాగింది.

మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మందాకా వెళ్లి అక్కడే కూర్చుండిపోయింది. ఒక్కటే కదా, ఒంటికి అంత సబ్బు రాసుకున్నావు, ఎవరికి తెలుస్తుంది అన్నాను. మావయ్య కూడా అదే అన్నాడు. దొడ్డ నీలిమకు ఫోన్ కలపమంది.

"అమ్మా, నిన్న ఒకటి కాల్చీసినాను. ఈరోజు నాను రాను."

నీలిమ ఏదో అనబోతుంటే దొడ్డ అందుకుంది.  "అల్లుడు ఆయాను పంపిస్తే రానీ. ఈరోజుకి మాత్రం బిడ్డని తానం లేకుండా ఉంచొద్దు. పీట ఎయ్యి. నువ్వే కూకో."

నాకు రాదు మామ్మా, భయం, అంది నీలిమ. ఫోన్ పక్కన పెట్టి పెద్దగా వినిపించేలా చెయ్యమంది దొడ్డ. మా గుమ్మంలో కూర్చుని సెక్టార్ ఆరులో బిడ్డకు నీళ్లు పోయించింది. పాదాలు దగ్గరగా పెట్టు. నీళ్లు మోచేత్తో చూడు. ముందు కాళ్లు తడుపు, బిడ్డకు తెలియనీ. తలమీద పోసేటప్పుడు నుదుటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టు. పాప ఏడుపు మా వీధిలోకి వినిపించింది. దొడ్డ తన కాళ్లు కూడా చాపుకుని, ఎవరూ లేని పిక్కల మీద చేతులు ఆడిస్తూ ఉంది. ఉన్నట్టుండి ఏడుపు ఆగింది. నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఆగిందే," అంది దొడ్డ నావైపు తిరిగి.

చాలాసేపటికి నీలిమ గొంతు వినిపించింది, ఆయాసపడుతూ. పోసేశాను మామ్మా, పాప పడుకుంది అని. దొడ్డ మంచిదమ్మా అని ఫోన్ నాకివ్వబోయింది. ఇంక తన అవసరం లేదనుకుందని ఆ మొహం చూస్తే తెలిసింది.

"మామ్మా. కల్ ఆ జానా, రేపు వచ్చెయ్. జల్దీ," అంది నీలిమ.

మావయ్య తెచ్చిన కట్ట పాత కట్ట పక్కన అలమరలోనే ఉండిపోయింది.

పాప మెడ నిలిపిన రోజు నన్ను కూడా తీసుకెళ్లింది. నేను పనిచేసే స్కూలుకు సెలవు పెట్టమని ఆవిడ నన్నడగడం అదే మొదటిసారి. పాపకు నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, పిక్కల మీద బోర్లా తిప్పింది. వీపు మీద అరచెయ్యి వేసి ఊరుకుంది. పాప ముందు గునిసింది. తర్వాత తల ఎత్తింది. ఒకసారి దొడ్డ పాదాల మీదికి వాలిపోయింది. మళ్లీ ఎత్తి, అలాగే నిలబెట్టి, ఎదురుగా కూర్చున్న వాళ్లమ్మను చూసింది. ఎవరం కదల్లేదు.

"సూడు నీలిమా," అంది దొడ్డ. "నువ్వూ ఇలాగే ఎడమపక్కకి ఒరిగి నిలిపినావు."

కమలాకుమారిగారు చీర పెట్టారు, పసుపు రంగుది, మంచి నేత. దొడ్డ కళ్లకద్దుకుని తీసుకుంది. ఇంకేమైనా కావాలా మామ్మా అని నీలిమ అడిగితే, సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి ఇచ్చింది. ఊపితే చప్పుడు రావడం లేదు. "ఇలాటిదే ఇంకోటి. ఊదామూతదే. పచ్చమూతది ఇంద్రాణి తెచ్చింది, దాని వాసన నాకు సయించనేదు." నీలిమ తన గదిలోకి వెళ్లి, తాను వాడుకోవడానికి కొనుక్కున్నది తెచ్చి చేతిలో పెట్టింది.

 దొడ్డ చుట్ట మానింది పాప కోసం, మెడ నిలిపేదాకా. ఆ తర్వాత సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇంటికి రాగానే వెంట తెచ్చుకున్న పీట కడిగి గోడకు ఆనించింది. చీర మార్చుకుని, అలమర దగ్గర కాసేపు నిలబడి, పెరట్లోకి వెళ్లింది. నేను వంటింట్లో ఉన్నాను. అన్నం వార్చడం ఆపి, అగ్గిపుల్ల గీసిన చప్పుడు కోసం చెవి పెట్టాను.

అగ్గిపుల్ల చప్పుడు రాలేదు. బుస్సుమని చిన్న చప్పుడు వినిపించింది. గోడ అవతల నుంచి ఇంద్రాణి తనకూ కొంచెం కొట్టమని అడుగుతోంది. చెయ్యి చాపమని దొడ్డ అంటోంది.